శకునం చూసే తలుపులు

మా అపార్టుమెంటు సంక్షేమ సంఘం తెలివితక్కువది. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు. జరిగింది చెబుతాను, అంతే.

ఏలూరు శివార్లలో, కాలవకి ఇవతల మా అపార్టుమెంటు. నలభై ఇళ్ళు. ఎరువుల కొట్టు అమ్మేసి అందులో ఒకటి కొన్నాను. గృహప్రవేశమైన మరుసటి ఏడు నా భార్య పోయింది. తమ్ముడికి వండిపెట్టడానికని ఊళ్ళో చెప్పి, నిజానికి నేను గోడలతో మాట్లాడ్డం మొదలుపెట్టకుండా ఉండడానికి, మా అక్క మాణిక్యమ్మ వచ్చి నాతో ఉంటోంది. బావ పోయి చాలా కాలమైంది. అక్కకి అరవై దాటాయి.

దెందులూరు దగ్గర అక్క పేరున కాస్త కనకాంబరాల మడి ఉంది. తెల్లవారేసరికి పూలు కోయించి మార్కెట్టుకి చేర్చాలి. ఆటోవాడు వస్తే పూలు అమ్ముడవుతాయి, రాకపోతే వాడిపోతాయి. అక్క స్కూటర్ కొంది. ఈ వయసులో ఎందుకే అన్నాను. "ఇన్నాళ్ళూ ఎవరి బండి వెనకాలో ఒద్దికగా కూచున్నాన్రా. నడుం పట్టేసింది" అంది. నేర్చుకునేవాళ్ళకిచ్చే ఎల్.ఎల్.ఆర్. తీసుకుంది. పక్కనున్న ఖాళీ స్థలంలో రోజూ పొద్దున్నే తిప్పి తిప్పి నేర్చుకుంది. రెండుసార్లు పడింది. మోకాలికి పసుపు పెట్టుకుని మళ్ళీ ఎక్కింది. లైసెన్సు పరీక్ష గురువారం అన్నారు. ఆ వారంతో ఎల్.ఎల్.ఆర్. గడువు కూడా అయిపోతుంది. గురువారం పోతే అంతా మళ్ళీ మొదటినుంచి. అరవై దాటినవాళ్ళకి మళ్ళీ మొదటినుంచి అన్నమాట నచ్చదు.

ఇక సంఘం సంగతి.

సంఘం అధ్యక్షుడు గోవర్ధనరావు గారు. రెవెన్యూలో పెద్ద ఉద్యోగం చేసి దిగారు. దిగిన సంగతి ఆయనకి ఇంకా తెలిసినట్టు లేదు. పాలవాడు రాకపోతే, పాల సరఫరాలో అంతరాయం సంఘం దృష్టికి వచ్చియున్నది అంటారు. అపార్టుమెంటు మొత్తానికి ఆటోమేషన్ పెట్టించాలని ఆయనకి బుద్ధి పుట్టింది. ఊళ్ళో కొత్తగా కట్టిన రెండు అపార్టుమెంట్లలో పెట్టించారట. మనకి లేకపోవడం గౌరవంగా లేదని తీర్మానం చేశారు. లైట్లు, ఫ్యాన్లు, మోటారు, గీజర్లు, ఇంటి తలుపులు, గేట్లు, అన్నీ ఒకే పెట్టె మాట వింటాయి. ప్రతి వసారాలోనూ ఒక కెమెరా. గేటు దగ్గర ఒక మైకు.

బిగించడానికి విజయవాడ నుంచి ఫణీంద్ర అనే ఇంజనీరు వచ్చాడు. నెమ్మదస్తుడు. ఏం చెప్పినా చేస్తాడు. అదే అతనిలో లోపం. పెట్టెకి బయటి సేవలు కూడా కలపవచ్చని సభలో వివరించాడు. వాతావరణ సేవ కలిపితే వాన వచ్చే ముందు కిటికీలు మూసుకుంటాయట. క్యాలెండరు కలిపితే సెలవు రోజున అలారం మోగదట. అప్పుడు వెనక వరసలోంచి ఎవరో, పంచాంగం కలపడం కుదురుతుందా అని అడిగారు.

కుదురుతుందండి అన్నాడు ఫణీంద్ర.

సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. నాకు మోకాళ్ళ నొప్పి.

మొదట రాహుకాలం కలిపారు. రాహుకాలంలో ఏ పనీ ప్రారంభం కాకూడదని తీర్మానం. ప్రారంభం అంటే ఏమిటండి అని ఫణీంద్ర అడిగాడు. గోవర్ధనరావు గారు కళ్ళద్దాలు సవరించుకుని, ప్రారంభమనగా ఆగియున్నది కదలుట అని నిర్వచించారు. ఫణీంద్ర అలాగే రాసుకున్నాడు. మర్నాటినుంచి రాహుకాలంలో ఆగి ఉన్న ఫ్యాను తిరగదు. ఆగి ఉన్న మోటారు నీళ్ళు ఎక్కించదు. జనం తెలివైనవాళ్ళు. రాహుకాలం రాకముందే ఇంట్లో ఉన్నవన్నీ వేసి పెట్టుకోవడం మొదలుపెట్టారు. సోమవారం పొద్దున ట్యాంకు పొంగి మెట్లమీద జలపాతంలా పారింది. మోటారు ఆపేద్దామంటే, మళ్ళీ వెయ్యడానికి రాహుకాలం పోవాలని ఎవరూ ఆపలేదు.

తర్వాత వారశూల. సోమవారం, శనివారం తూర్పు ప్రయాణం పనికిరాదు. మా పెద్ద గేటు తూర్పుకి ఉంది. ఆ రెండు రోజులూ అది తెరుచుకోదు. వెనక పడమటి గేటులోంచి బయటపడి, మురుగు కాలవ పక్కన ముక్కు మూసుకుని నడిచి, చుట్టూ తిరిగి తూర్పు రోడ్డుకే చేరేవాళ్ళం. దీనివల్ల సభ్యుల ఆరోగ్యం మెరుగుపడుచున్నదని గోవర్ధనరావు గారు నోటీసు పెట్టించారు.

ఆ తర్వాత శకునాలు.

ఖాళీ బిందె ఎదురు రాకూడదన్నారు. ఖాళీ పాత్ర ఏదైనా ఖాళీ బిందె కిందకే వస్తుందని ఫణీంద్ర కెమెరాకి నేర్పాడు. మంచినీళ్ళ డబ్బాలు నిండుగా లోపలికి వచ్చేవి. ఖాళీవి బయటికి పోవాలంటే గేటు ఒప్పుకునేది కాదు. గ్యాస్ బండలదీ అదే గతి. పది రోజుల్లో కార్లు పెట్టుకునే చోటంతా ఖాళీ డబ్బాలు. నీళ్ళవాడు దండం పెట్టి, వాటిని నీళ్ళతో నింపి బయటికి మోసుకెళ్ళి రోడ్డుమీద ఒంపుకునేవాడు.

తుమ్ము సంగతి చూడాలి. ఒక తుమ్ము చెడ్డది, రెండోది పడితే దోషం పోతుంది. ఒక తుమ్ము తుమ్మాక ఎంతసేపు ఆగాలని సంఘంలోని పెద్దల్ని అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ఏకాభిప్రాయం కుదరనందున కాలపరిమితి విడిచిపెట్టడమైనది అన్నారు అధ్యక్షులు. అంటే రెండో తుమ్ము పడేదాకా గేటు గేటే. పొద్దున ఏ ఇంట్లోనో పోపులో ఎండుమిర్చి మాడితే, ఇరుగుపొరుగంతా తుమ్మి తుమ్మి, మొత్తం సరిసంఖ్యో బేసిసంఖ్యో తెలియక గేటు ముందు బారులు తీరేవాళ్ళు.

ఇంతవరకు నేను పట్టించుకోలేదు. నాకు వెళ్ళాల్సిన చోటేదీ లేదు.

తర్వాత ఫణీంద్ర మా ఇంటికి వచ్చాడు. ఎదురు వచ్చే మనుషుల్ని కూడా పెట్టెలో చేర్చాలట. ప్రతి మనిషినీ ఒక పరికరంగా నమోదు చెయ్యాలి, ప్రతి పరికరానికీ ఒక గది చూపించాలి. "అమ్మగారిని ఏ గదిలో పెట్టమంటారండి?" అని నన్ను అడిగాడు.

"వంటింట్లో పెట్టు నాయనా. ఎటూ అక్కడే ఉంటాను" అంది అక్క, కాఫీ గ్లాసు అతని చేతికిస్తూ.

తర్వాత రకం అడిగాడు. ఆడవాళ్ళకి మూడు రకాలున్నాయి. ముత్తైదువ, కన్య, ఇతరులు. అక్క గోడకున్న బావ ఫొటో వైపు చూసి, ఇతరులు అంది. అతను నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. నా వంతు వచ్చింది. నన్నేమీ అడక్కుండానే నొక్కేశాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది.

"నా భార్య కూడా పోయింది. నేనే రకం?" అన్నాను.

"పురుషుడండి."

"భార్య ఉన్నవాడో?"

"పురుషుడేనండి. మీకు దోషం లేదండి."

"ఎందుకు లేదు?"

అతను పెట్టె వంక చూసి, చాలాసేపు వెతికి, "ఆప్షన్ లేదండి" అన్నాడు.

బావ పోయిన రోజున అక్క గాజులు తీయించారు. నా భార్య పోయిన రోజున నా చేతి గడియారం కూడా ఎవరూ అడగలేదు. ఆ సంగతి ఫణీంద్రకి చెప్పలేదు. చెబితే అతను అదీ రాసుకుంటాడు.

మర్నాటినుంచి మా తలుపు పనిచెయ్యడం మానేసింది. తీర్మానం ఏమంటే, సభ్యులెవరైనా బయటికి బయలుదేరే సమయంలో ఇతరులు ఎదురుపడరాదు, కాబట్టి ఇతరుల తలుపులు ఆ సమయానికి మూసి ఉంచవలెను. నలభై ఇళ్ళలో పొద్దున ఆరింటినుంచి ఎవరో ఒకరు బయలుదేరుతూనే ఉంటారు. బడి పిల్లలు, ఆఫీసువాళ్ళు, నడకకి పోయేవాళ్ళు, నడకకి పోయినవాళ్ళని వెతకడానికి పోయేవాళ్ళు. పది దాటేదాకా మా తలుపు తెరుచుకోలేదు. నేను పురుషుణ్ణే. అయినా ఇంటికి తలుపు ఒకటే.

అక్క హెల్మెట్ పెట్టుకుని తలుపు ముందు కుర్చీ వేసుక్కూచుంది. ఆదివారం సాధన పోయింది. సోమవారం పోయింది. పూలు ఆటోలో మార్కెట్టుకి పోయాయి, లేదా పోలేదు. మంగళవారం అక్క, "గురువారం కూడా ఇంతేనంట్రా?" అని అడిగింది. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి.

నేను గోవర్ధనరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఆదరంగా కూచోబెట్టారు. మాణిక్యమ్మ గారి పట్ల సంఘానికి అపారమైన గౌరవం ఉన్నదన్నారు. అయితే వ్యవస్థ వ్యక్తులను చూడదన్నారు. ముందస్తు అనుమతికి దరఖాస్తు పెడితే ఉపసంఘానికి పంపుతామన్నారు. ఉపసంఘం ఎప్పుడు కూచుంటుందని అడిగాను. ఉపసంఘం ఏర్పాటు విషయం పరిశీలనలో ఉన్నదన్నారు.

నేను పల్లెటూరి బడిలో చదివినవాణ్ణి. మా పంతులు ఒక్కటే నేర్పాడు: లెక్క తప్పు అనకు, చివరిదాకా చేసి చూపించు.

"అపశకునం ఎవరికి తగుల్తుందండి? ఎదురొచ్చిన మనిషికా, చూసిన మనిషికా?" అన్నాను.

"చూసిన మనిషికే" అన్నారాయన.

"అంటే కాపాడవలసింది మా అక్కని కాదుగా. మిమ్మల్ని. కాపాడవలసినవాళ్ళని బయట వదిలేసి, ఏ ప్రమాదమూ లేని మనిషికి తాళం వేశారు."

ఆయన కుర్చీలో నిటారుగా కూచున్నారు. మొహంలో ఒక వెలుగు వచ్చింది. ఇంత పెద్ద లోపం ఇన్నాళ్ళూ సంఘం దృష్టికి ఎవరూ తేలేదే అన్నారు. అప్పటికప్పుడు ఫణీంద్రని పిలిపించారు. ఫణీంద్ర కూడా ఇదే తేలికన్నాడు. ఇతరులు ఎవరైనా గడప దాటితే, వాళ్ళు తిరిగి లోపలికి వచ్చేదాకా, లేదా గేటు దాటిపోయేదాకా, ఇళ్ళన్నిటికీ తాళాలు పడతాయి. ఇతరులకి తప్ప ఇంకెవరికీ తెరుచుకోవు. దీనికి రక్షా కవచం అని పేరు పెట్టారు. నిప్పంటుకుంటే ఎలాగని ఎవరో అడిగితే, దానికి వేరే ఉపసంఘం అన్నారు.

బుధవారం పొద్దున అక్క గడప దాటింది. మా వసారాలో మొదలై పై అంతస్తు దాకా వరసగా టక టకమని తాళాలు పడ్డ చప్పుడు విన్నాను. నా భార్య పోయాక నేను చెవులారా విన్న మంచి చప్పుడు అదొక్కటే. అక్క ఆవరణలోనే స్కూటర్ తీసి తిప్పింది. ఎనిమిది ఆకారంలో తిప్పింది. బాల్కనీల్లో టై కట్టుకున్నవాళ్ళు, బడి సంచులు తగిలించుకున్నవాళ్ళు నిలబడి చూశారు. "పిన్నిగారూ, ఒక్క నిమిషం లోపలికెళ్ళి వస్తారా, బస్సు పోతుంది" అని ఒకాయన బతిమాలాడు. అక్క మంచిది. లోపలికి వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, పదిమంది పరిగెత్తారు. అక్క బయటికి వెళ్ళింది. మూసుకున్నాయి. రోడ్డుమీద ట్రాఫిక్ పోలీసు చెయ్యి ఎత్తి దించినట్టు ఉంది వ్యవహారం.

అపార్టుమెంటులో ఇతరులు ఇంకా నలుగురున్నారు. ఎప్పుడూ గదుల్లోనే ఉండేవాళ్ళు. ఈ సంగతి వాళ్ళకి మధ్యాహ్నానికి తెలిసింది. సాయంత్రం నలుగురూ కిందికి దిగి బెంచీమీద కూచుని వక్కలు నములుతూ కబుర్లు చెప్పుకున్నారు. ఆ నలుగురిలో గోవర్ధనరావు గారి తల్లి రత్తమ్మ గారు ఒకరు. ఆమె కూచున్నంతసేపూ ఆయన మొదటి అంతస్తు బాల్కనీలో బందీ.

"అమ్మా, మీటింగుంది, కాస్త లోపలికి రా" అన్నారాయన.

"ఇప్పుడే కూచున్నాన్రా. నువ్వు రాసిన రూలేగా" అంది ఆమె.

గురువారం వచ్చింది. వారశూల దక్షిణానికి, తూర్పు గేటుకి ఇబ్బంది లేదు. రాహుకాలం మధ్యాహ్నం. అక్క హెల్మెట్ పెట్టుకుని, నాకు ఉప్మా పెట్టి, కాగితాలన్నీ సంచిలో సర్దుకుని బయలుదేరింది. తాళాలు ముందే పడి ఉన్నాయి. నేను పురుషుణ్ణి కాబట్టి లోపలే ఉండి బాల్కనీలోంచి చూస్తున్నాను. బెంచీమీద నలుగురూ అప్పటికే ఉన్నారు. అక్కని సాగనంపడానికి దిగారు.

స్కూటర్ గేటు దగ్గరికి వెళ్ళేసరికి రెండో అంతస్తులో ఎవరిదో పోపు మాడింది. గోవర్ధనరావు గారు తుమ్మారు. ఒక్కటే. గట్టి తుమ్ము. పూర్వం కచేరీలో గుమాస్తాలు లేచి నిలబడే రకం తుమ్ము. రెండు గేట్ల మీదా ఎర్ర దీపాలు వెలిగాయి.

అక్క ఆగింది. వెనక్కి తిరిగి పైకి చూసింది. చేతి సంచిని గట్టిగా పట్టుకుంది.

ఇంకొకటి తుమ్మండి అన్నాను నేను మా బాల్కనీలోంచి. ఆయన ప్రయత్నించారు. ఎండకేసి చూశారు. ముక్కు నలిపారు. రాలేదు. ఆఫీసులకి వెళ్ళాల్సినవాళ్ళు, రత్తమ్మ గారూ, మాణిక్యమ్మ గారితో సహా మీరంతా లోపలికి వెళ్ళండి, మా తలుపులైనా తెరుచుకుంటాయి అని మొత్తుకున్నారు. రత్తమ్మ గారు తల అడ్డంగా ఊపింది.

"మాణిక్యం బండి గేటు దాటితేగానీ నేను లేవను. మీరే తుమ్ముకోండి" అంది. మిగతా ముగ్గురూ కాళ్ళు పైకి పెట్టుకుని సర్దుకుని కూచున్నారు.

ఇక నలభై ఇళ్ళవాళ్ళూ తుమ్మే పనిలో పడ్డారు. కొందరు ముక్కులో దూది వత్తి తిప్పుకున్నారు. ఒకావిడ మిరియాల డబ్బా తెచ్చింది. ఇలా అందరూ ఒక్కసారి తుమ్మితే లెక్క బేసిలో తేలవచ్చని గోవర్ధనరావు గారికి భయం పట్టుకుంది. బాల్కనీ అంచు పట్టుకుని, సభ్యులకు విజ్ఞప్తి, ఒక్కరు మాత్రమే తుమ్మవలెను, మిగిలినవారు సంయమనం పాటించవలెను అని ప్రకటించారు. ఎవరు తుమ్మాలో చెప్పలేదు. దాంతో అందరూ సంయమనం పాటించారు. పరీక్షకి టైము దగ్గరపడుతోంది.

రత్తమ్మ గారు బొడ్లోంచి ముక్కుపొడి డబ్బీ తీసింది. ఆమె పీల్చింది. యాభై ఏళ్ళ అలవాటు, తుమ్ము రాలేదు. లేచి వెళ్ళి డబ్బీ అక్క చేతిలో పెట్టింది. అక్క జన్మలో ముక్కుపొడి ముట్టలేదు. హెల్మెట్ అద్దం ఎత్తి చిటికెడు పీల్చింది. తుమ్మింది. హెల్మెట్లో తుమ్మడం వల్ల మైకుకి వినపడలేదు. దీపం ఎర్రగానే ఉంది.

అక్క హెల్మెట్ తీసింది. గేటుకి, ఆ మైకుకి ఎదురుగా నిలబడింది. ఊపిరి పీల్చి, ఇన్నేళ్ళూ ఎవరిళ్ళలోనూ గట్టిగా దగ్గనైనా దగ్గని మనిషి, అపార్టుమెంటు అదిరేలా తుమ్మింది.

గేటు తెరుచుకుంది. అక్క దూసుకుపోయింది. ఆ వెంటనే మిరియాల ఆవిడ సంయమనం సడలి ఒకటి తుమ్మింది. గేటు మళ్ళీ పడింది. అప్పటికి అక్క కాలవ గట్టు మీద ఉంది.

మధ్యాహ్నం రాహుకాలం రాకముందే తిరిగొచ్చింది. పాసైంది. ముక్కుపొడి ఘాటుకి దారంతా తుమ్ముతూనే వెళ్ళిందట, తుమ్ముతూనే ఎనిమిది వేసిందట. జలుబుగా ఉంటే ఇంకోరోజు రావచ్చుగదమ్మా అని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అన్నాడట. "ఇంకోరోజు నాకు గేటు తియ్యరు బాబూ అన్నాను. ఆయనకేం అర్థమైందో, సంతకం పెట్టేశాడు" అంది.

ఆదివారం సంఘం అక్కకి సన్మానం చేసింది. శాలువా కప్పారు. మన వ్యవస్థ వల్లనే ఈ విజయం సాధ్యమైనదని గోవర్ధనరావు గారు ప్రసంగించారు. తర్వాత ఒక తీర్మానం చదివారు. శ్రీమతి మాణిక్యమ్మ గారి విశిష్ట సేవలను గుర్తించి, వారిని ఇతరుల కేటగిరీ నుండి తొలగించి, గౌరవ ముత్తైదువగా నమోదు చేయుటకు సంఘం ఏకగ్రీవంగా తీర్మానించినది.

అక్క లేచింది. "వద్దులెండి బాబూ. ఆ ఉద్యోగం ఒకసారి చేశాను. ఇదే హాయిగా ఉంది" అంది.

పాసైన తీర్మానం వ్యక్తుల ఇష్టాయిష్టాలను అనుసరించి మారదన్నారాయన. ఫణీంద్ర నొక్కాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. అక్క ఇంటికొచ్చి శాలువాని నాలుగు మడతలు వేసి, ఎండకి కాలకుండా స్కూటర్ సీటు మీద పరిచింది.

ముత్తైదువ ఎదురు రావడం శుభం. శుభం ఉండగా శుభం లేకుండా బయలుదేరడం ఎందుకని ఎవరో అన్నారు. సంఘం ఒప్పుకుంది. ఇప్పుడు ముత్తైదువ ఎదురు వస్తేగానీ ఏ తలుపూ తెరుచుకోదు. మిగతా ముత్తైదువలు ఎదురు రావాలంటే ముందు వాళ్ళు బయటికి రావాలి. వాళ్ళ తలుపులు తెరుచుకోవాలంటే ఇంకో ముత్తైదువ ఎదురు రావాలి. అక్క ఒక్కతికే ఈ చిక్కు లేదు. గౌరవ ముత్తైదువకి ఎదురు అక్కర్లేదని ఫణీంద్ర పెట్టెలో చూసి తేల్చాడు.

అక్క తెల్లారకముందే కనకాంబరాలకి పోతుంది. పూలు మార్కెట్టులో ఇచ్చి, దారిలో ఎక్కడో కాఫీ తాగి, ఎండెక్కాక వస్తుంది. అందాకా నలభై ఇళ్ళూ తలుపుల వెనక చెప్పులేసుకుని నిలబడి ఉంటాయి. నేనూ ఉంటాను. బాల్కనీల్లోంచి జనం నన్ను పిలిచి, కాస్త తొందరగా రమ్మని అక్కకి చెప్పమంటారు. గోవర్ధనరావు గారు కూడా నిన్న అదే అడిగారు, ఈసారి మామూలు మనిషి మాటల్లో.

చెప్పను. అక్కకి చెప్పను, సంఘానికి చెప్పను, ఇంకెవరికీ చెప్పను. ఈ విషయం ఇక నా దగ్గర ఎత్తవద్దు. నేనూ ఎత్తను.